మధుపర్కాల తెలుపు ఎక్కడికి పోయింది?

చెన్నై నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి, విషయం మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆమె తాతగారు నెల్లూరు వైపు నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడ్డారు. నాన్నగారికి వడపళనిలో ఫొటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫొటోలతో పాటు పత్రికల ముఖచిత్రాలకు, క్యాలెండర్లకు స్లయిడ్లు కూడా తీసి ఇచ్చేవారు. డిజిటల్ వచ్చాక స్టూడియో మూతపడింది. ఇప్పుడు కూతురు ఉద్యోగం మానేసి, డిజిటల్ కెమెరాతో చెన్నైలోని తెలుగువాళ్ల పెళ్లిళ్లు తీస్తున్నారు. నాన్న ఇప్పటికీ వెంట వస్తారు. ఓ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, వెలుగు చూసి ఎక్స్‌పోజర్ ఎంత ఇవ్వాలో చెబుతారు.

మొన్న టి.నగర్‌లో ఒక కల్యాణ మండపంలో పొద్దుటి ముహూర్తం. జీలకర్ర బెల్లం అయ్యాక వధూవరులు మధుపర్కాలు కట్టుకుని పీటల మీద కూర్చున్నారు. తూర్పు కిటికీలోంచి ఎండ, ఎదురుగా వీడియోవాళ్ల ఎల్ఈడీ లైటు. ఇంటికొచ్చి చూసుకుంటే ముఖాలు బాగున్నాయి కానీ మధుపర్కాలు తెల్లకాగితంలా ఉన్నాయి. ఎర్రంచు తప్ప చీరలో ఏమీ లేదు. ఆ చీర పెళ్లికూతురి అమ్మమ్మ వెంకటగిరిలో దగ్గరుండి, సన్నటి బుటాలు వేయించి నేయించినదట. వాట్సాప్‌లో ఫొటోలు చూసి ఆ ఇంట్లో అందరూ బాధపడ్డారు. మిగతా డబ్బు ఇవ్వడం ఆపేశారు.

నాన్న మాట: “రీలు అయితే ఇలా అయ్యేదా? ఆ నికాన్ ఎఫ్ఎం2 ఫిల్మ్ కెమెరా బయటికి తీయి.” భర్త మాట: “మామయ్యది పాతకాలం, ఆయన్ని పెళ్లిళ్లకు తీసుకెళ్లడం మానేయ్.” ఆమె అడిగింది మూడు సంగతులు. ఆ ఫొటోలు బాగుచేయడం కుదురుతుందా? ఫిల్మ్‌కి తిరిగి వెళ్లడమే మంచిదా? పెళ్లివారికి ఏం చెప్పాలి?

అమ్మా,

మీరు అడిగినవి మూడే అయినా, ఉత్తరం చివర్లో మరో మాట రాశారు. “ఆ రోజు నాన్న చెప్పినట్టే ఒక స్టాప్ ఎక్కువ ఇచ్చాను. ఆ మాట ఆయనతో అనలేకపోయాను.” (ఒక స్టాప్ ఎక్కువంటే కెమెరాలోకి వెళ్లే వెలుగు రెట్టింపు.) మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఇదేనని నాకనిపించింది. అక్కడికి తప్పకుండా వస్తాను. ముందు మెమరీ కార్డుల సంగతి చూద్దాం, అది ఆగేది కాదు.

మీ కెమెరాలో ఒక కార్డులో రా ఫైళ్లు (కెమెరాలో వెలుగును పట్టుకునే సెన్సర్ చూసింది చూసినట్టే ఉంచేవి), రెండో దానిలో జేపెగ్‌లు పడతాయన్నారు. పెళ్లివారికి వెళ్లినవి జేపెగ్‌లు. అంటే వాళ్లు చూసినది అసలు ఫైలు కాదు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ రా ఫైలులో 16,384 ఉంటాయి. అదీకాక జేపెగ్ తయారుచేసేటప్పుడు కెమెరా కాంట్రాస్ట్ పెంచుతుంది. అప్పుడు చీర మీద ఉన్న కొద్దిపాటి తేడాలు కూడా తెల్లలో కలిసిపోతాయి. కాబట్టి రా కార్డును ముందు రెండు చోట్ల కాపీ చేసుకోండి. తర్వాత ఒక ఫొటో తెరిచి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించండి, హైలైట్స్ స్లయిడర్ పూర్తిగా కిందికి లాగండి. నేత, మడతలు కనిపిస్తే సంతోషం. అలా కాకుండా తెలుపు కాస్తా మురికి బూడిద రంగులోకి మారి ఊరుకుంటే, అక్కడ సెన్సర్‌కి ఏమీ దొరకలేదని అర్థం.

ఎందుకంటే సెన్సర్ మీద ప్రతి పిక్సెల్‌కీ ఇంత వెలుగే పట్టుకోగలనన్న హద్దు ఉంది. సోల నిండాక పైన గుప్పెడు పోసినా, బస్తా కుమ్మరించినా, లెక్కకు వచ్చేది ఒక సోలే. పొర్లిపోయింది ఎంతో తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు.

అయితే అన్ని పిక్సెళ్లూ ఒకేసారి నిండవు. కోడక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందిన అమరికే ఇప్పటికీ చాలా కెమెరాల్లో ఉంది. ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండు ఆకుపచ్చను, ఒకటి ఎరుపును, ఒకటి నీలాన్ని చూస్తాయి. పసుపు రంగు బల్బుల వెలుగులో ఎరుపు తొందరగా నిండుతుంది, నీలానికి ఇంకా చోటు మిగులుతుంది. అందుకని స్లయిడర్లతో పని కాని ఫొటోల్లో ఈ మూడు రంగుల పొరలను, అంటే చానెళ్లను, విడివిడిగా తెరిచి చూడండి. బల్బు వెలుగే ఎక్కువగా పడ్డ చోట నీలం చానెల్‌లో బుటాలు బతికి ఉండొచ్చు. నాయిస్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, ఉంటుంది, రంగు పూర్తిగా రాదు. కానీ ఆ చానెల్ ఆధారంగా బ్లాక్ అండ్ వైట్ ప్రింటు చేస్తే కొన్ని ఫొటోలు నిజంగా అందంగా వస్తాయి. కిటికీ ఎండ నేరుగా పడిన భుజం, కొంగు దగ్గర మాత్రం మూడు చానెళ్లూ పోయే ఉంటాయి. అక్కడ ఆశ పెట్టుకోకండి. పక్క ఫ్రేములు వెతకండి. పురోహితుడు ముందుకు వంగినప్పుడో, ఎవరో అక్షతలు వేయడానికి అడ్డం వచ్చినప్పుడో ఆ ఎండ చీర మీద పడకుండా ఆగి ఉంటుంది. అలాంటి ఫ్రేము ఒక్కటి దొరికినా చాలా విలువైనది.

ఒక పని మాత్రం మీరు చేయకూడదని గట్టిగా కోరుకుంటున్నాను. ఇప్పటి సాఫ్ట్‌వేర్‌ను అడిగితే ఖాళీ తెలుపులో బుటాలు తనే అల్లి పెడుతుంది. చూసేవాళ్లు చాలామంది గుర్తుపట్టరు కూడా. కానీ ఆ చీర మగ్గం మీద ఉన్నప్పుడు పక్కన కూర్చున్న మనిషి ఆ ఇంట్లో ఉన్నారు. బుటాకీ బుటాకీ మధ్య ఎంత ఎడం ఉందో, పువ్వుకి ఎన్ని రేకలో ఆవిడకు తెలుసు. తన చీర కాని చీర మనవరాలి ఒంటిమీద కనిపిస్తే ఆవిడకు కలిగే బాధ, తెల్లకాగితం చూసినప్పటి బాధకంటే పెద్దది.

ఇక పెళ్లివారితో మాట. మీ ముందు మూడు దారులున్నాయి.

“ఇప్పుడు ఇదే స్టైల్, వెలుగు ఎక్కువగా ఉండే లుక్ అందరూ అడుగుతున్నారు” అని చెప్పి ఊరుకోవచ్చు. కొందరు ఫొటోగ్రాఫర్లు అలా నెట్టుకొస్తారు, డబ్బు కూడా కొన్నిసార్లు వస్తుంది. కానీ మీ పని చెన్నైలోని తెలుగు కుటుంబాల మధ్య తిరుగుతోంది. ఒక పెళ్లిలో చూసినవాళ్లే ఇంకో పెళ్లికి పిలుస్తారు. ఆ చీర గురించిన మాట కూడా అలాగే తిరుగుతుంది.

రెండోది, తీసుకున్న డబ్బుతో సరిపెట్టుకుని, మిగతాది వదిలేసి, ఫైళ్లు ఇచ్చేసి దణ్ణం పెట్టేయడం. టెన్షన్ ఆ రోజుతో పోతుంది. కానీ ఆల్బమ్ లేకుండా ఆ కుటుంబం మిగిలిపోతుంది. మీ కష్టంలో చాలా భాగం, బాగా వచ్చిన వందల ఫొటోలతో సహా, లెక్కలోకి రాకుండా పోతుంది. తాళి కట్టినప్పటివి, తలంబ్రాలవి బాగున్నాయని మీరే రాశారు కదా.

మూడోది కాస్త సమయం అడుగుతుంది. రా ఫైళ్లలోంచి దక్కినంత దక్కించి, ఓ పదీ పదిహేను ఫొటోలు మంచి కాగితం మీద ప్రింటు వేయించి, స్వయంగా వాళ్లింటికి వెళ్లడం. ఫోను తెర మీద వద్దు. ప్రింటులో మరీ తెల్లగా ఉన్న చోట ఇసుమంత టోన్ వేస్తే కాగితం ఖాళీగా కనిపించదు, అదే ఫొటో ఫోనులోకన్నా నిండుగా ఉంటుంది. ఏది దక్కింది, ఏది దక్కలేదు ఉన్నదున్నట్టు చెప్పండి. మధుపర్కాలు చాలా ఇళ్లలో దాచుకుంటారు కాబట్టి, ఆ జంటకు వీలున్న రోజు అవే కట్టించి, అమ్మమ్మ పక్కన నిలబెట్టి కొన్ని పోర్ట్రెయిట్లు ఉచితంగా తీసి ఇస్తానని అడగండి. అవి పెళ్లినాటివని ఆల్బమ్‌లో కలిపేయకుండా, వేరే పేజీల్లో పెట్టండి. డబ్బులో కొంత తగ్గించాలా లేదా అన్నది ఆ ఫొటోలు చూశాక వాళ్లను అడిగి తేల్చుకోవచ్చు. వాళ్లు ఒప్పుకోకపోనూవచ్చు. అప్పుడు కూడా మీరు దాచింది ఏమీ ఉండదు. నేనైతే ఈ దారివైపే మొగ్గుతాను, కానీ మీ ఇంటి ఖర్చులూ ఆ కుటుంబం తీరూ మీకే తెలుసు.

నాన్నగారిని వెంట తీసుకెళ్లాలా అన్నది కూడా ఆలోచించండి. పెద్దాయన ముందు ఎవరూ గట్టిగా మాట్లాడరు, అది మీకు కలిసొస్తుంది. అయితే మాటలన్నీ ఆయనతోనే జరుగుతాయి, మిమ్మల్ని ఆయన అసిస్టెంటుగా చూస్తారు. తర్వాతి పెళ్లి మాట్లాడటానికీ ఆయనకే ఫోన్ చేస్తారు.

ఇప్పుడు “రీలు అయితే ఇలా అయ్యేదా” అన్న మాట. ఆయన తీసిన కలర్ నెగెటివ్ విషయంలో ఆ మాట నిజం, పూర్తిగా నిజం. మీ భర్తకు ఈ భాగం చదివి వినిపించండి.

ఫిల్మ్ మీద పడిన వెలుగుకీ, నెగెటివ్ ఎంత నల్లబడుతుందన్నదానికీ ఉన్న సంబంధాన్ని ఇంగ్లండులో హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు 1890లోనే గీత గీసి చూపించారు. ఆ గీత నేరుగా పైకి పోదు. మొదట్లో, అంటే నీడల దగ్గర, దాదాపు పడుకుని ఉంటుంది. మధ్యలో నిటారుగా లేస్తుంది. బాగా వెలుగు పడ్డ చోటికి వచ్చేసరికి మెల్లగా వంగుతుంది. ఆ వంపునే షోల్డర్ అంటారు. వెలుగు ఇంకా పెరుగుతున్నా నెగెటివ్ ఒక్కసారిగా నిండిపోదు, కొద్దికొద్దిగా నల్లబడుతూనే ఉంటుంది. అందుకే కలర్ నెగెటివ్ మీద రెండు స్టాపులు ఎక్కువ ఇచ్చినా మధుపర్కంలో మడతలు నిలుస్తాయి. తక్కువ ఇస్తేనే ముప్పు. గీత పడుకుని ఉన్న చోట జుట్టు, నల్లకోటు, మూలన కూర్చున్న బంధువులు అన్నీ ఒకే ముద్ద అయిపోతాయి. “తక్కువ మాత్రం కాకూడదు, అనుమానం వస్తే ఒక స్టాప్ ఎక్కువే ఇవ్వు” అన్న నియమం మీ నాన్నగారి తరానికి అన్నం పెట్టింది. ఆ తరానికి ల్యాబ్ అండ కూడా ఉండేది. నెగెటివ్ చిక్కగా వస్తే ప్రింటర్ దగ్గర కూర్చున్నాయన ఇంకాస్త వెలుగు పోసి, తెలుపులో నేత కనిపించేలా ప్రింటు తీసేవాడు.

మీ చేతిలో ఉన్న కెమెరాకి ఆ వంపు లేదు. సెన్సర్ పడ్డ వెలుగును పడ్డట్టే లెక్కపెట్టుకుంటూ పోతుంది, హద్దు రాగానే ఠక్కున ఆగిపోతుంది. కింద, నీడల్లో మాత్రం అది ఫిల్మ్ కంటే ఉదారంగా ఉంటుంది. తక్కువ వెలుగులో తీసిన ముఖాన్ని రెండు స్టాపులు పైకి లాగినా చాలావరకు వస్తుంది. అంటే నియమం తలకిందులైంది. తక్కువైతే సర్దుకోవచ్చు, ఎక్కువైతే పోయినట్టే.

ఆ ఉదయం ఏం జరిగిందో లెక్క వేసి చూడండి. కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ నడిమి బూడిద రంగును, అంటే వెలుగులో 18 శాతం తిప్పి పంపే వస్తువును, ఆధారంగా తీసుకుంటుంది. శుభ్రమైన తెల్లబట్ట సుమారు 90 శాతం తిప్పి పంపుతుంది. అంటే అయిదు రెట్లు, స్టాపుల్లో చెబితే రెండుంపావు పైనే. జేపెగ్‌లో నడిమి బూడిద నుంచి తెల్ల హద్దుకు ఉండే ఎడం సుమారు మూడు స్టాపులు. అంటే చీర మామూలుగానే హద్దుకు దగ్గర్లో ఉంది. దానికి మీరు ఒక స్టాప్ కలిపారు. ముఖం మీద స్పాట్ మీటర్ పెట్టానన్నారు. మన చామనఛాయ ముఖం చాలాసార్లు ఆ 18 శాతం కంటే తక్కువే తిప్పి పంపుతుంది, కాబట్టి మీటర్ తనవంతుగా ఇంకాస్త కలిపింది. ఆ పైన ఎండ, వీడియో లైటు. ఇది ఒక్క నాన్నగారి స్టాప్ వల్ల జరిగింది కాదు. ఆయన చెప్పకపోయినా ఆ భుజం మీద ఎండ పడిన చోటు పోయేదే.

ఇంకో సంగతి మీ ఉత్తరంలోనే ఉంది, మీరు గమనించినట్టు లేరు. మీ నాన్నగారు ముఖచిత్రాలకు, క్యాలెండర్లకు స్లయిడ్లు తీసేవారు. స్లయిడ్ ఫిల్మ్, అంటే నెగెటివ్ లేకుండా నేరుగా బొమ్మే పడే ఫిల్మ్, ఏమాత్రం క్షమించేది కాదు. అర స్టాప్ ఎక్కువైతే హీరోయిన్ నుదురు పారదర్శకంగా మారిపోయేది, ఆ మీదట ల్యాబ్ చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. అందుకే స్లయిడ్ వేసిన రోజు ఆయన వెలుగు ఎక్కువ పడే చోటును కొలిచి, దాన్ని కాపాడుకుంటూ, ముఖం మీదికి రిఫ్లెక్టర్ తిప్పి ఉంటారు. మీ డిజిటల్ కెమెరా అడిగేది సరిగ్గా అదే పద్ధతి. ఆయనకు రానిది ఏమీ లేదు. “నాన్నా, ఇందులో నెగెటివ్ లేదు, స్లయిడ్ వేశాననుకుని వెలుగు చెప్పండి” అని అడిగి చూడండి.

తర్వాతి పెళ్లికి ఏం చేయాలన్నది కూడా ఇక్కడే ఉంది. కొలత మధుపర్కం మీద పెట్టుకుంటే చీర నిలుస్తుంది, కానీ ముఖాలు కెమెరా తెర మీద కాస్త నల్లగా కనిపిస్తాయి. పక్కన నిలబడి తొంగిచూసే మేనమామ “ఏమ్మా, ఫేస్ డల్‌గా ఉందేంటి” అంటాడు. ఆ మాటకు తడబడి మళ్లీ ఎక్స్‌పోజర్ పెంచేస్తే మొదటికే వస్తుంది. ఎక్స్‌పోజర్ ముట్టుకోకుండా, ఫ్లాష్‌ను సీలింగుకో తెల్లగోడకో కొట్టి ముఖానికి వెలుగు చేర్చండి. ఫ్లాష్ వద్దనే కుటుంబమైతే ముఖాలను తర్వాత పైకి లాగాలి. కాస్త నాయిస్ వస్తుంది, అది భరించదగిందే. కెమెరాలో ఫొటో స్టైల్‌ను న్యూట్రల్‌లో పెట్టుకుంటే హిస్టోగ్రామ్ (ఫొటోలో ఏ వెలుగు ఎంత ఉందో చూపే గ్రాఫ్), తెల్లబడిపోయిన చోట మిణుకుమనే హెచ్చరిక రెండూ రా ఫైలుకు కాస్త దగ్గరగా చెబుతాయి. హిస్టోగ్రామ్‌లో మూడు రంగులూ విడిగా చూడండి. పసుపు రాసిన పాదాలు, ఎర్రంచు లాంటి చోట్ల మొత్తం హిస్టోగ్రామ్ బాగానే ఉన్నట్టు కనిపించి, ఎరుపు ఒక్కటీ పోతుంది. నికాన్ 2014లో డీ810 కెమెరాతో హైలైట్లను, అంటే బాగా వెలుగున్న చోట్లను, చూసి కొలిచే మీటరింగ్ తెచ్చింది. మీ కెమెరాలో అలాంటిది ఉందేమో మెనూలో వెతకండి.

అలాగని మిణుకుమన్న ప్రతి చుక్కకూ భయపడనక్కర్లేదు. దీపం ఒత్తి, వడ్డాణం మీది మెరుపు తెల్లగానే ఉండాలి. వాటిని కూడా కాపాడదామని ఎక్స్‌పోజర్ తగ్గించేస్తే పెళ్లి మొత్తం సాయంకాలంలా ఉంటుంది.

వీడియోవాళ్లతో మాట్లాడటం చాలామంది వదిలేస్తారు. ముహూర్తానికి గంట ముందే వెళ్లి, ఆ ఎల్ఈడీ లైటును కాస్త పైకెత్తి, గుడ్డ అడ్డం కట్టమని అడగండి. తూర్పు కిటికీకి పల్చటి తెర వేయిస్తామంటే మండపంవాళ్లు సాధారణంగా కాదనరు. మీ నాన్నగారిని కుర్చీలోంచి లేపి ఈ పని అప్పగించండి. ఎవరినైనా ఒప్పించగల వయసు ఆయనది, వెలుగు ఎక్కడ కొడుతోందో చూడగానే తెలిసే కన్ను ఆయనది.

ఎఫ్ఎం2 సంగతి. మొత్తం పెళ్లి రీలు మీద తీయడమంటే, మీరు ఇప్పుడు ఇచ్చే మూడు వేల ఫొటోలకు 36 చొప్పున ఎనభైకి పైగా రోల్స్. ఖర్చు చూస్తేనే అది కుదరదని తెలుస్తోంది. మండపం మసక వెలుగులో 400 స్పీడ్ ఫిల్మ్ ఇబ్బంది పెడుతుంది కూడా. అసలు వద్దనుకోవచ్చు, డిజిటల్‌ను సరిగ్గా వాడితే మధుపర్కాలు చక్కగా వస్తాయి. లేదా ఒకటి రెండు రోల్స్ నాన్నగారి చేతికిచ్చి, పగటి వెలుగులో జంట పోర్ట్రెయిట్ల వరకు ఆయన్ని తీయనివ్వచ్చు. ఆ తెలుపు మృదువుగా వస్తుంది, అది నాకూ చాలా ఇష్టం. అయితే ముందే పెళ్లివారికి చెప్పి, ఖర్చు ఒప్పించండి. ఇంకొకటి, ఇప్పుడు ల్యాబ్‌లకు రోల్స్ తక్కువగా వస్తున్నాయి. కలర్ నెగెటివ్ డెవలపర్ 37.8 డిగ్రీల దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు కచ్చితంగా నడవాలి. రసాయనాలు సరిగ్గా చూసుకునే ల్యాబ్ అని తేల్చుకున్నాకే పెళ్లి రోలు ఇవ్వండి. జరగకూడనిది జరిగితే పక్కన డిజిటల్ ఫ్రేము ఉండేలా చూసుకోండి.

ఇక ఆ ఒక స్టాప్ మాట ఆయనకు చెప్పాలా? చెప్పకుండా ఉంటే ఇంట్లో ఈ వారం ప్రశాంతంగా గడుస్తుంది. కానీ వచ్చే పెళ్లిలో ఆయన మళ్లీ అదే చెబుతారు, మీరు తలూపి వేరేది పెడతారు, ఆయన తెర చూసి కనిపెట్టేస్తారు. తన మాట మీరు వినడం లేదని అలా తెలియడం ఆయనకు ఎక్కువ కష్టం. చెబితే ఓ పూట మాట్లాడకపోవచ్చు. మాటలతో చెప్పడం కష్టమైతే ఇద్దరూ కలిసి ఒక పని చేయండి. ఉదయం ఎండలో మిద్దె మీద అమ్మ తెల్లచీర ఒకటి, చీకటి రంగు దుప్పటి ఒకటి పక్కపక్కన ఆరేసి, ఎఫ్ఎం2లో ఒక కలర్ రోలు వేయండి. రెండు స్టాపులు తక్కువ నుంచి మూడు స్టాపులు ఎక్కువ దాకా ఆయన తీయాలి. అవే కొలతలతో పక్కనే నిలబడి మీరు డిజిటల్‌లో తీయాలి. రెండూ కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టుకుని చూడండి. రోలు ఇచ్చేటప్పుడు స్కానింగులో ఆటో కరెక్షన్ ఆపేయమని ల్యాబ్‌వాళ్లకు మరీ మరీ చెప్పండి. లేకపోతే ఫ్రేముల మధ్య తేడాలన్నీ స్కానరే సర్దేస్తుంది.